ఎట్టయపురం ఆస్థానకవి ఉమరుపులవర్

మన సంచికల్లో మామూలుగా మన కులపెద్దల చరిత్రలు, సంఘాలు పెట్టి మగ్గాలు నిలబెట్టినవాళ్ళ జీవితాలు వేసుకుంటాం. ఈసారి నేత కులంలో పుట్టని ఒకాయన గురించి రాస్తున్నాం. ఆయన తెలుగువాడు కాదు, మన దేవుళ్ళను కొలిచినవాడూ కాదు. మహమ్మదు ప్రవక్త జీవితాన్ని తమిళంలో మహాకావ్యంగా రాసిన ఉమరుపులవర్ ఆయన. అయితే ఆయన బతికింది, చివరికి మట్టిలో కలిసింది మన పక్కనే ఉన్న ఎట్టయపురంలో. ఆస్థానంలో కూర్చోబెట్టి ఆయనకు అన్నం పెట్టింది ఇంట్లో తెలుగు మాట్లాడే పాలెగాళ్ళ వంశం. మన పిల్లలకు ఆయన పేరు తెలియాలనడానికి ఈ రెండు కారణాలూ చాలు. మూడో కారణం కూడా ఉంది. మతం, రాజకీయం అనే రెండు మాటలు కలిస్తే ఈమధ్య మన ఇళ్ళలోనే వాదులాటలు వస్తున్నాయి. ఆ రెండిటి మధ్య ఒక మనిషి ఎలా బతికాడో తెలుసుకోవడం మనకు అవసరం.

ఊరు, కాలం

కోవిల్‌పట్టిలో బస్సెక్కితే తూర్పుగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఎట్టయపురం వస్తుంది. విరుదునగర్ నుంచి అయితే అరుప్పుక్కోట చేరి తూత్తుకుడి రోడ్డు పట్టాలి. దారి పొడుగునా నల్లరేగడి నేలలే. ఇక్కడివాళ్ళు కరిసల్ భూమి అంటారు. వాన పడితే కాలు పీక్కోలేం, ఎండ కాస్తే నేల నెర్రెలు విచ్చుతుంది. కానీ ప్రత్తికి ఇంతకంటే మంచి నేల లేదు. విరుదునగర్‌లో ప్రత్తి వ్యాపారం పెరిగినా, కోవిల్‌పట్టిలో నూలు మిల్లులు వెలిసినా ఈ నేల చలవే. మన మగ్గాల మీదికి వచ్చిన నూలు ఈ మట్టి బిడ్డే.

ఇప్పటి జిల్లాలు నిన్న మొన్నటివి. 1985కు ముందు విరుదునగర్ రామనాథపురం జిల్లాలో ఉండేది. 1986లో తూత్తుకుడి జిల్లా ఏర్పడేదాకా కోవిల్‌పట్టి తిరునల్వేలి జిల్లాలో ఉండేది. అంతకు చాలా ముందు, మదురై నాయకరాజుల కాలంలో ఈ దేశాన్ని 72 పాళయాలుగా పంచి ఒక్కో పాలెగాడికి అప్పజెప్పారు. అందులో ఎట్టయపురం ఒకటి. తూర్పున సముద్రం దాకా రామనాథపురం సేతుపతులది. ఉమరుపులవర్ జీవితం ఈ రెండు రాజ్యాల మధ్య నడిచింది.

ఎట్టయపురం పాలెగాళ్ళు కంబళత్తు నాయకర్లు. చంద్రగిరి ప్రాంతం నుంచి దక్షిణానికి దిగి వచ్చామని వాళ్ళ వంశచరిత్రలో చెప్పుకున్నారు. ఎట్టప్ప అనేది వాళ్ళ వంశం బిరుదు. ఇప్పుడు తమిళనాట ఆ మాటను తిట్టుగా వాడతారు. 1799లో వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఇంగ్లీషువాళ్ళు కయత్తారులో ఉరి తీసినప్పుడు ఎట్టయపురం వాళ్ళ పక్షాన నిలిచింది గనుక ఆ మచ్చ పడింది. అది పోదు. కానీ ఆ వంశం చేసిన మంచిని కూడా ఆ మచ్చ కింద కప్పెట్టడం న్యాయం కాదు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసింది ఈ ఊళ్ళోనే. వాళ్ళ వంశంలోని సుబ్బరామ దీక్షితులు రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథం 1904లో ఈ ఊళ్ళోనే తెలుగులో అచ్చయింది. సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టింది ఇక్కడే. వీళ్ళందరికంటే రెండు వందల ఏళ్ళ ముందు అదే కొలువులో కూర్చున్నవాడు మన ఉమరుపులవర్.

సుగంధాల వర్తకుడి కొడుకు

ఉమరు 1642లో పుట్టాడు. తండ్రి పేరు షేకు ముదలియార్ అని చెప్తారు. అత్తరు, కస్తూరి, జవ్వాది లాంటి సుగంధ ద్రవ్యాలు అమ్ముకునే వర్తకుడు. విళాత్తికుళం దగ్గరి నాగలాపురంలో కొన్నాళ్ళు ఉండి, తర్వాత కుటుంబంతో ఎట్టయపురం వచ్చి స్థిరపడ్డాడు. సుగంధాలు కొనేది ఎవరు? రాజులు, గుళ్ళు, పెళ్ళిళ్ళు. అందుచేత ఆ వర్తకుడికి కోటలోకి రాకపోకలు ఉండేవి.

అక్కడ ఆస్థానకవి కడిగైముత్తు పులవర్. పిల్లవాడి తెలివి చూసి ఆయన శిష్యుడిగా చేర్చుకున్నాడు. గురువు హిందువు, శిష్యుడు ముసల్మాను. ఆ రోజుల్లో చదువంటే వ్యాకరణం, ఛందస్సు, పాత కావ్యాలు. ఆ కావ్యాలన్నీ హిందూ, జైన, బౌద్ధ మతాలవి. కంబరామాయణం చదవకుండా తమిళ పద్యం నేర్చుకోవడం కుదరదు. అబ్బాయి అదంతా నేర్చుకున్నాడు. తన నమాజు తను చేసుకున్నాడు. గురువు ఇది మానుకో, అది పట్టుకో అన్నట్టు ఏ కథలోనూ లేదు. మన దగ్గర మగ్గం పని నేర్పే పెద్దవాళ్ళు చేసేదీ ఇదే గదా. చెయ్యి కుదిరిందా, పోగు తెగకుండా చూస్తున్నాడా అని చూస్తారు.

ఉమరుకు పదహారేళ్ళప్పుడు ఉత్తరాది నుంచి వాలైవారుది అనే దిగ్విజయ పండితుడు ఎట్టయపురం వచ్చాడట. ఊరూరా పండితులను వాదంలో ఓడించి బిరుదులు పట్టుకుపోయే రకం. కడిగైముత్తు పులవర్ ఆ సమయంలో ముందుకు రాలేకపోయాడు. గురువు పరువు పోతుందని శిష్యుడు తానే సభలోకి వెళ్ళాడు. ఆ వచ్చినాయనను వాదంలో ఓడించాడు. పాలెగాడు సంతోషించి ఆ కుర్రవాడిని ఆస్థానకవిగా నియమించాడు. ఈ కథలో పెరిగినదెంత ఉన్నా దాని చివర మాత్రం చరిత్రే. ఎట్టయపురం కొలువులో ముసల్మాను ఆస్థానకవి అయ్యాడు.

ఇలాంటిది అప్పుడు మన దేశంలో కొత్త కాదు. ఉమరుకు వంద ఏళ్ళ ముందు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను పోషించాడు. తెలుగు కవులు ఆయనను ముద్దుగా మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చ తెలుగులో రాసిన యయాతి చరిత్రను అదే రాజ్యంలోని అమీన్‌ఖానుకు ఇచ్చాడు. అక్కడ ముసల్మాను రాజు మహాభారత కథలకు సొమ్మిచ్చాడు. ఇక్కడ తెలుగు నాయకుడు ముసల్మాను కవికి కొలువిచ్చాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మన తాతముత్తాతల కాలం ఎలాంటిదో కొంత తెలుస్తుంది.

కీళక్కరై షావుకారు

రామనాథపురం రాజ్యంలో సముద్రం ఒడ్డున కీళక్కరై. అక్కడ మరక్కాయర్లనే ముస్లిం వర్తకులు ఓడలు నడిపేవారు. మిరియాలు, బియ్యం, ముత్యాలు, శంఖాలు, వీటన్నిటితోపాటు బట్ట. దక్షిణాదిలో నేసిన నూలుబట్ట సింహళానికి, మలయా తీరానికి పోయింది ఇలాంటి వాళ్ళ ఓడల్లోనే. డచ్చివాళ్ళు 1658లో తూత్తుకుడిని పోర్చుగీసువాళ్ళ దగ్గర లాక్కున్నదీ ఈ బట్ట, ముత్యాల వ్యాపారం కోసమే. నేసేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు, ఓడెక్కించేవాడు ఇంకొకడు. ఈ ముగ్గురి దేవుళ్ళు వేరైనా లెక్క ఒకే చోట తేలేది.

ఆ కీళక్కరై వర్తకుల్లో పెద్దవాడు సీదక్కాది. అసలు పేరు షేక్ అబ్దుల్ ఖాదిర్. దానం చెయ్యడంలో ఆయనకు సాటి లేదని తమిళనాట ఇప్పటికీ సామెత ఉంది, చచ్చిపోయాక కూడా ఇచ్చాడని. దాని వెనక ఒక కథ చెప్తారు. పడిక్కాసు పులవర్ అనే శైవకవి ఆయనను ఆశ్రయించి బతికేవాడు. ఆయన వచ్చేసరికి సీదక్కాది చనిపోయి సమాధిలో ఉన్నాడు. కవి ఏడుస్తూ పద్యం చెప్తే సమాధి లోంచి ఉంగరం ఉన్న చెయ్యి బయటికి వచ్చిందట. నమ్మడం నమ్మకపోవడం మన ఇష్టం. శైవుడైన కవి ఒక ముసల్మాను సమాధి దగ్గర ఏడ్చాడని జనం మూడు వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నారే, అది చాలు.

అప్పటి రామనాథపురం రాజు కిళవన్ సేతుపతి. 1710 దాకా ఏలాడు. రామనాథపురాన్ని రాజధానిగా చేసి కోట కట్టించింది ఆయనే. సీదక్కాది ఆయనకు చాలా దగ్గరి సలహాదారు. రాజు తన బిరుదు పేరును కూడా ఆయనకు ఇచ్చాడు. శ్రీరాముడు కట్టిన సేతువుకు కాపలాదారులమని చెప్పుకునే రాజవంశం అది. రామేశ్వరం గుడి వాళ్ళ రక్షణలో ఉండేది. ఆ వంశం రాజుకు ఆంతరంగికుడు ఒక ముస్లిం షావుకారు.

ఈ సీదక్కాదికి ఒక కోరిక ఉండేది. తమిళ ముసల్మానులు ఇంట్లో మాట్లాడేది తమిళం. పద్యమంటే చెవి కోసుకుంటారు. కానీ తమ ప్రవక్త కథ వినాలంటే అరబ్బీలోనో పారశీకంలోనో వినాలి. తమిళంలో ఇస్లాం రచనలు అంతకుముందే ఉన్నాయి, 1572 నాటి ఆయిరమసలా లాంటివి. కానీ కంబరామాయణం పక్కన నిలబెట్టదగ్గ పెద్ద కావ్యం లేదు. అది రాయగలవాడెవడని వెతికితే ఎట్టయపురంలో కనిపించాడు.

సొంతవాళ్ళ గడప దగ్గర

ఇక్కడిదాకా కథ సాఫీగా నడిచింది. అడ్డం ఎక్కడ వచ్చిందంటే సొంత మతం గడప దగ్గర.

ఉమరుకు తమిళం కొట్టిన పిండి. ప్రవక్త చరిత్ర అరబ్బీ గ్రంథాల్లో ఉంది. అది తప్పుల్లేకుండా చెప్పగల పండితుడు కావాలి. కీళక్కరైలో సదకతుల్లా అప్పా అనే మహా పండితుడు ఉండేవాడు. సీదక్కాది ఉమరును ఆయన దగ్గరికి పంపాడు. ఉమరు వెళ్ళాడు, తను ఎప్పుడూ ఉండే వేషంలోనే. ఎట్టయపురం కొలువులో కవులందరూ ఎలా కట్టుకుంటారో అలా కట్టుకుని, నగలు పెట్టుకుని. ఆ వేషం చూసి పండితుడు ముఖం తిప్పుకున్నాడు. ఈ మనిషి ప్రవక్త కథ రాస్తాడా అని కాబోలు, చెప్పనని పంపేశాడు.

ఈ ఘట్టాన్ని ఇస్లాం తమిళ సాహిత్యంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు, దాచుకోలేదు. అది వాళ్ళ గొప్ప. ఉమరు బాధపడ్డాడు. కోపం తెచ్చుకుని వెళ్ళిపోలేదు. వేషం మార్చి నాటకమూ ఆడలేదు. ఏడుస్తూ అక్కడే మసీదులో పడుకున్నాడు. ఆ రాత్రి ప్రవక్త కలలో కనిపించాడని, పండితుడికీ అలాంటి కలే వచ్చిందని, తెల్లారి పండితుడే పిలిపించి ఆదరించాడని కథ. పరంగిపేటలో ఉన్న తన వర్గం పండితుడి దగ్గరికి పంపి చరిత్రంతా ఉమరుకు చెప్పించాడు. తర్వాత కావ్యం మొదట్లో ఉమరు ఈ సదకతుల్లా అప్పాను తన గురువుగా స్తుతించాడు. ముందు తలుపు వేసినవాడినే గురువన్నాడు.

మనలాంటివాళ్ళకు ఈ ఘట్టం దగ్గరగా తగులుతుంది. తెలుగునాడు వెళ్తే మన యాస విని మీరు తమిళవాళ్ళా అంటారు. ఇక్కడ మన ఇంట్లో మాటలు విని మీరు ఏ ఊరివాళ్ళు అంటారు. మనలో చాలామంది తెలుగు మాటను తమిళ అక్షరాల్లో రాసుకుంటాం. తమిళ ముసల్మానులు తమిళ మాటను అరబ్బు అక్షరాల్లో రాసుకున్నారు, దాన్ని అర్వి అంటారు. భాష ఒకటి, లిపి ఒకటి, దేవుడి ముందు వాడే మాట ఇంకొకటి. ఇలా బతికే మనుషులను రెండు వైపులవాళ్ళూ అనుమానంగా చూస్తారు. ఉమరును బయటివాడని అనుమానించింది హిందూ కొలువు కాదు, తనవాళ్ళే. ఆ అనుమానం తీరేదాకా ఓపిక పట్టి, తన పనితోనే దాన్ని తీర్చాడు.

సీరాపురాణం

పరంగిపేటలో పని మొదలైంది. అది పూర్తి కాకముందే సీదక్కాది చనిపోయాడు. అప్పుడు ఆ ఊరి వర్తకుడు అబుల్ కాసిం మరక్కాయర్ ఖర్చు నెత్తినేసుకున్నాడు. కంబరు తన రామాయణంలో తనకు అన్నం పెట్టిన సడయప్ప వళ్ళల్‌ను అక్కడక్కడా తలచుకున్నట్టే, ఉమరు తన కావ్యంలో అబుల్ కాసింను తలచుకున్నాడు. అరంగేట్రం కూడా ఆయన ఆధ్వర్యంలోనే జరిగింది.

పేరు చూడండి. సీరా అంటే అరబ్బీలో జీవిత చరిత్ర. పురాణం మనందరికీ తెలిసిన మాట. రెండూ కలిపితే సీరాపురాణం. అందులో మూడు కాండాలు. పుట్టుక గురించి విలాదత్తు కాండం, ప్రవక్త కావడం గురించి నుబువ్వత్తు కాండం, మక్కా వదిలి మదీనా వెళ్ళడం గురించి హిజ్రత్తు కాండం. మొత్తం 92 పడలాలు, 5027 పద్యాలు.

కావ్యం దేశవర్ణనతో మొదలవుతుంది. అరబ్బు దేశం ఎడారి అని మనకు తెలుసు. ఉమరు అరబ్బు దేశంలో మబ్బులు సముద్రం నీళ్ళు తాగి కొండల మీద కురుస్తాయి, ఏరు పొంగి పొలాల్లోకి పారుతుంది, వరి నాట్లు పడతాయి, చెరువుల్లో తామరలు పూస్తాయి. ఇదేమిటి, అబద్ధం గదా అని ఎవరైనా అడగొచ్చు. తమిళ కావ్యంలో మంచి దేశం అంటే అలాగే ఉండాలి. కరిసల్ నేల మీద వాన కోసం మొగం ఎత్తి చూసేవాడికి పచ్చని పొలమే స్వర్గం. తన ప్రవక్త పుట్టిన దేశాన్ని గొప్పగా చెప్పాలనుకున్నప్పుడు తన జనం దేన్ని గొప్ప అనుకుంటారో దానితోనే చెప్పాడు.

అయితే ఒక విషయం గమనించాలి. పురాణం పేరు తీసుకున్నాడు, వర్ణనలు తీసుకున్నాడు, ఛందస్సు తీసుకున్నాడు. నమ్మకం మాత్రం తనదే ఉంచుకున్నాడు. దేవుడికి రూపం లేదన్నది ఇస్లాం మూలం. ఉమరు దాన్ని ఎక్కడా సడలించలేదు. చుట్టూ అవతారాల కథలు వినిపిస్తున్నా, ప్రవక్తను దేవుడి అవతారం అనలేదు. దేవుడు పంపిన దూత అనే చెప్పాడు. మన భాషలో చెప్పాలంటే పడుగు అరబ్బీ నుంచి వచ్చింది. అది మగ్గానికి ఎక్కాక అటూ ఇటూ మార్చడానికి లేదు. పేక తమిళం. రంగు, అంచు, పువ్వు అన్నీ పేకలో తన ఇష్టం వచ్చినట్టు వేశాడు. ఎదుటివాళ్ళను మెప్పించడానికి పడుగు పోగులు కోసి ఉంటే బట్టే నిలిచేది కాదు.

మతాల మధ్య స్నేహం అంటే అందరూ ఒకే మాట అనడం అనుకుంటాం. నీ దేవుడూ నా దేవుడూ ఒకటే అని ఒక మాట అనేసి ఊరుకుంటాం. ఉమరు ఆ దారి పట్టలేదు. తన దేవుడి గురించి తన నమ్మకం ప్రకారం పూర్తిగా చెప్పాడు. ఎట్టయపురం కొలువు దానికి అభ్యంతరం చెప్పలేదు. కావ్యం రాసిన చెయ్యి తమ ఆస్థానకవిదే అని గర్వపడింది.

అదే రాజు, అదే కాలం

ఇంత చెప్పాక, ఆ కాలమంతా పాలూ తేనె అని చెప్తే అది అబద్ధం అవుతుంది. సీదక్కాదిని ఆంతరంగికుడిగా పెట్టుకున్న కిళవన్ సేతుపతే 1693 ఫిబ్రవరి 4న ఒరియూరులో ఒక క్రైస్తవ పాదిరికి తల తీయించాడు. ఆయన పోర్చుగల్ నుంచి వచ్చిన జాన్ డి బ్రిట్టో. ఇక్కడి సన్యాసుల్లా కాషాయం కట్టి, అరుళానందర్ అని పేరు పెట్టుకుని తిరిగేవాడు.

అదేమిటి, ముసల్మానును మంత్రాంగంలో కూర్చోబెట్టినవాడు క్రైస్తవుడిని ఎందుకు చంపాడు? తడియతేవన్ అనే రాజబంధువు క్రైస్తవంలో చేరాడు. అతనికి రామనాథపురం గద్దె మీద హక్కు ఉందని చెప్పుకునేవారు. మతం మారినందువల్ల ఒక భార్యను ఉంచుకుని మిగిలినవాళ్ళను పంపేశాడు. అలా వెళ్ళినవాళ్ళలో ఒకామె సేతుపతికి మేనకోడలు. గద్దెకు పోటీదారు ఒకవైపు, ఇంటి ఆడపిల్లకు జరిగిన అవమానం ఇంకోవైపు. పాదిరి ప్రాణం పోయింది.

ఈ రెండు సంగతులూ కలిపి చదవాలి. షావుకారు సీదక్కాది వల్ల రాజుకు బలం పెరిగింది, ఆయనకు గౌరవం దక్కింది. పాదిరి వల్ల గద్దెకు చిక్కు వచ్చింది, ఆయన తల పోయింది. రాజు చూసింది తన సింహాసనాన్ని. మతం ఆ తర్వాతి మాట. రాజులు మతాల పట్ల చూపే దయకూ కోపానికీ వెనక చాలాసార్లు ఉండేది ఇదే లెక్క. దయ చూపినప్పుడు పొంగిపోయి, కోపం వచ్చినప్పుడు అది దేవుడి పని అనుకోవడం మన అమాయకత్వం.

ఉత్తరాన కూడా అదే నడిచింది. 1690 నుంచి 1698 దాకా ఔరంగజేబు సైన్యాలు సెంజి కోటను చుట్టుముట్టాయి. కోటలో మరాఠా రాజు రాజారాం. చూడ్డానికి ఇది ముసల్మానుకూ హిందువుకూ యుద్ధంలా కనిపిస్తుంది. కానీ ముట్టడించిన మొగలు సైన్యంలో దళపత్ రావు బుందేలా లాంటి హిందూ సేనానులు ఉన్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు, 1714లో, అదే సెంజిలో ఆర్కాటు నవాబుతో పోరాడి చచ్చిపోయిన దేశింగురాజు కథ మన ముసలివాళ్ళు పాడుకునేవారు. అతని ప్రాణస్నేహితుడు మహబ్బత్‌ఖాన్, ముసల్మాను. అతనూ ఆ యుద్ధంలోనే పోయాడు. సెంజి చుట్టూ ఆ ముట్టడి నడిచిన ఏళ్ళలోనే దక్షిణాన ఎట్టయపురంలో తెలుగు పాలెగాడి కవి ఉమరు.

మిగిలిన పని

ఉమరుపులవర్ 1703లో చనిపోయాడు. ఎట్టయపురంలోనే ఖననం చేశారు. సీరాపురాణం ప్రవక్త జీవితం చివరిదాకా రాలేదు. మదీనా చేరాక కొన్నేళ్ళ కథ దగ్గర ఆగిపోయింది. తర్వాత కాయల్‌పట్టణం కవి పనీ అహమద్ మరక్కాయర్ మిగిలిన భాగం పూరించాడు. దాన్ని చిన్న సీరా అంటారు. ఒకరు మొదలుపెట్టిన చీర ఇంకొకరు దించడం మన ఇళ్ళలో మామూలే.

తాటాకుల మీద ఉన్న ఆ కావ్యం 1842లో అచ్చయింది. షేక్ అబ్దుల్ ఖాదిర్ నయినార్ లెబ్బై ఆలిం అనే పండితుడు ప్రతులు సరిచూసి అచ్చు వేయించాడు. కవి పోయి అప్పటికి 139 ఏళ్ళు. ఇంతకాలం అది ఎలా బతికింది? ఏ రాజూ కాపాడలేదు. నాయకుల రాజ్యం పోయింది, సేతుపతుల బలం తగ్గింది, పాళయాలను కంపెనీవాళ్ళు అణిచేశారు. కావ్యం మాత్రం ఇళ్ళలో, మసీదుల దగ్గర, పండగ రాత్రుల్లో చదివి అర్థం చెప్పించుకున్న మామూలు జనం దగ్గర బతికింది. తర్వాతి కాలంలో తమిళనాడు ప్రభుత్వం ఎట్టయపురంలో ఆయన పేరిట మణిమండపం కట్టింది. ఈనాడు తమిళ సాహిత్యం చదివే ప్రతి విద్యార్థీ, ఏ మతంవాడైనా, సీరాపురాణం పేరు వినకుండా బడి దాటడు.

మనకేమిటి

తిరునల్వేలి పక్క మేలపాళయంలో, ఇటు కడయనల్లూరులో తరతరాలుగా మగ్గం నేసిన ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ గుంట మగ్గం, మన గుంట మగ్గం ఒకటే. నాడె విసిరే చెయ్యీ ఒకటే, యాభై దాటాక మోకాళ్ళకు వచ్చే నొప్పీ ఒకటే. నూలు ధర పెరిగితే మతం చూసి పెరగదు. పవర్‌లూమ్ బట్టను చేనేత అని అమ్మితే ఇద్దరి కడుపూ కాలుతుంది. మన సంఘాలు ఈ విషయాల్లో వాళ్ళతో కలిసి నడవాల్సినవి ఎన్నో ఉన్నాయి. అలాంటప్పుడు ఎన్నికలు రాగానే ఎవరో పంపిన వీడియో చూసి, పక్క మగ్గంవాడిని పరాయివాడిగా చూడటం మొదలుపెడితే నష్టం ఎవరికి? వీడియో పంపినవాడికి ఏమీ పోదు.

మన సమాఖ్యలో అన్ని పార్టీలవాళ్ళూ ఉన్నారు, ఉండాలి. ఏ గుడికి వెళ్ళేదీ ఎవరి ఇష్టం వాళ్ళది. చౌడేశ్వరి అమ్మవారి జాతరకు చందా వేసుకుంటాం, అది మన నమ్మకం, దాన్ని తగ్గించుకోమని ఎవరూ అనడం లేదు. ఉమరు తన నమ్మకాన్ని తగ్గించుకోలేదు గదా. కానీ సమాఖ్య పేరును ఒక పార్టీకి, మన అమ్మవారి పేరును ఒక ఓటుకు తాకట్టు పెట్టమని ఎవరైనా వస్తే ఏం చెప్పాలో మనం ముందే తేల్చుకుని ఉండాలి. సేతుపతి దయ, సేతుపతి కత్తి రెండూ ఒకే చేతిలోవని గుర్తుంటే ఆ జవాబు చెప్పడం కష్టం కాదు.

ఉమరుకు నిజంగా అండగా నిలిచినవాళ్ళను లెక్కపెట్టి చూడండి. మతం అడగకుండా చదువు చెప్పిన కడిగైముత్తు పులవర్, కొలువు ఇచ్చి బదులుగా మతాన్ని అడగని పాలెగాడు, డబ్బిచ్చిన ఇద్దరు వర్తకులు, ముందు కాదని తర్వాత ఔనన్న పండితుడు, నూట ముప్పై తొమ్మిదేళ్ళు తాటాకులు కాపాడిన ఇల్లాళ్ళు, పెద్దలు. వీళ్ళలో రాజనదగ్గవాడు ఒక్కడే. మిగిలినవాళ్ళంతా మనలాంటివాళ్ళు.

సెలవులకు పిల్లలను ఎక్కడికైనా తీసుకెళ్ళాలనుకుంటే ఎట్టయపురం దూరం కాదు. భారతి పుట్టిన ఇల్లు, దీక్షితుల సమాధి, ఉమరుపులవర్ దర్గా అన్నీ ఒక్క పూటలో చూడొచ్చు. బ్రాహ్మణ కవి, బ్రాహ్మణ వాగ్గేయకారుడు, ముస్లిం మహాకవి ఒకే చిన్న ఊళ్ళో, మన తెలుగు పాలెగాళ్ళ నీడలో. పిల్లలు అడుగుతారు, ఈ ముగ్గురూ ఇక్కడే ఎందుకు ఉన్నారని. జవాబు మనం చెప్పగలిగితే చాలు.